కిటికీకి కనపడని సగం

నలభై రోజులుగా ఆ జిల్లాలో చినుకు రాలలేదు. చెరువు అడుగున చెయ్యి దూరేంత నెర్రెలు. ఊళ్ళో జనం వీధికుళాయి దగ్గర బకెట్లు పట్టుకుని బారులు తీరుతున్నారు. అలాంటి ఆగస్టులో, చచ్చిపడున్న సిరిల్ పాంట్ బూట్లకు తడిబురద ఎక్కడి నుంచి వచ్చింది?

ఇన్‌స్పెక్టర్ ఈనిడ్ మాస్కెల్ బుర్రను పొద్దుటినుంచీ ఈ ఒక్క ప్రశ్నే తొలిచేస్తోంది. ఆమె పై అధికారి, చీఫ్ ఇన్‌స్పెక్టర్ పెండ్రెల్‌కు మాత్రం ఏ ప్రశ్నా లేదు. ఆయన హంతకుణ్ణి నిన్న సాయంత్రమే పట్టేశాడు. శవాన్ని చూసి పరుగున వచ్చి కబురు చెప్పినవాణ్ణే పట్టేశాడు. అంతకంటే దగ్గర్లో ఇంకెవరూ దొరకలేదు కాబోలు.

దొరికినవాడు ఎమోస్ టక్‌వెల్. హెక్స్‌లీ బంగళాకు పెద్ద తోటమాలి. అరవై ఒక్క ఏళ్ళు, అందులో నలభై ఏడు ఈ బంగళా తోటలోనే. ఎస్టేటు ఆఫీసు గదిలో ఒక కుర్రకానిస్టేబుల్ కాపలాగా, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం పన్నెండుంబావుకు ఈనిడ్ లోపలికి వెళ్తే అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. ఆ లేవడం చూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఆమె తండ్రి కూడా ఇలాగే లేచేవాడు, పక్క జిల్లాలో ఇంకో దొర దగ్గర కంచెలు కట్టే పని చేస్తూ. ఆయన పోయిన మూడో వారానికే ఎస్టేటు ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. కొలువు ఉన్నన్నాళ్ళే ఇల్లు. కొలువు పోతే, అది చావుతో పోయినా సరే, ఇల్లూ పోతుంది. పదకొండేళ్ళ ఈనిడ్, వాళ్ళమ్మ కలిసి గోడగడియారాన్ని దుప్పట్లో చుట్టి తోపుడుబండి మీద పెట్టారు.

"కూర్చోండి," అంది. ఎమోస్ కూర్చున్నాడు.

నిన్న, బుధవారం జరిగిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఎమోస్ చెప్పింది పెద్దగా ఏమీ లేదు. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడున్నర దాకా బంగళాలో స్నానాలు చేసిన నీళ్ళు బకెట్లతో మోసి చుట్టూ గోడ కట్టిన తోటలో అత్తిచెట్టుకు పోశాడు. గొట్టంతో నీళ్ళు పెట్టడం ప్రభుత్వం ఆపేసింది కదా, అందుకని మోత. పక్కన ఎవరూ లేరు. నాలుగూ ఇరవైకి పచ్చికబయలు అంచున ఉన్న కందకం వైపు వెళ్తే అడుగున పాంట్‌గారు కనిపించారు. తల కింది రాయి మీద, కళ్ళు తెరుచుకుని.

"సోమవారం ఆయనతో గొడవపడ్డారట?"

"పడ్డానమ్మా. చెప్పకుండా పచ్చికలో గొయ్యి తీశాడు. తియ్యొద్దన్నాను. సారీ చెప్పాడు, నాకో సిగరెట్టు ఇచ్చాడు. అంతే."

"పాంట్ బూట్లకు బురద ఉంది. మీ అత్తిచెట్టు పాదులోదే అంటున్నారు పెండ్రెల్‌గారు."

"ఆయన నా తోటలోకి రాలేదు."

"మరి ఇంత కరువులో ఇంకెక్కడుంటుంది బురద?"

ఎమోస్ టోపీ అంచును ఒకచుట్టు తిప్పాడు. జవాబు తెలిసి మింగేశాడని ఈనిడ్‌కు ఇట్టే అర్థమైంది. ఇంకో నాలుగు రకాలుగా అడిగింది. చివరికి జవాబుకు బదులు ఎమోసే ఒక ప్రశ్న అడిగాడు.

"నన్ను తీసుకెళ్ళిపోతే, మా నెల్లీని ఇంట్లో ఉండనిస్తారా అమ్మా?"

ఈనిడ్ తలుపు తీసుకుని బయటకు నడిచింది.

బయట నడవాలో పెండ్రెల్ పైపు వెలిగించుకుంటున్నాడు. ఏటా అక్టోబరులో ఈ పార్కులోనే నెమలికోళ్ళ వేటకు వచ్చే మనిషి. ఇక్కడి గదులన్నీ ఆయనకు కొట్టినపిండి.

"ఐదు గంటలకు నేరం మోపుతున్నాను," అన్నాడు. "రేపు పొద్దున కోర్టు. ఈలోగా నీకేమైనా కుట్టుపని ఉంటే చూసుకో, మాస్కెల్."

"కుట్లు విప్పడమే నాకు బాగా వచ్చు సార్," అంది ఈనిడ్. ఐదుకు ఇంకా నాలుగుంబావు గంటలే ఉంది.

ముందు బూట్లు చూసింది. కాగితం సంచిలో కట్టి కారు వెనక పెట్టారు, ఎవరూ సరిగ్గా చూడను కూడా లేదు. మడమ సందులో ఉన్న బురదను గోటితో గీకి తెల్లకాగితం మీద రాసింది. పసుపచ్చటి బంకమట్టి. తర్వాత గోడల తోటకు వెళ్ళి అత్తిచెట్టు పాదులో తడిమట్టి తీసి పక్కనే రాసింది. నల్లటి నలుపు. రెండు వందల ఏళ్ళు గుర్రప్పేడ తిన్న మట్టి అది, నలుపు కాక ఇంకేముంటుంది. పెండ్రెల్ కళ్ళు తెరిచి చూసుంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. చూడ్డానికి వంగాలి కదా, ఆయన వంగడు.

పసుపచ్చటి బురద ఈ తోటది కాదు, పార్కుది. అయితే పార్కంతా ఎండి రాయయిపోయింది.

ఒకటింబావుకు లేడీ మెరివేల్ పెద్ద హాల్లో ఈనిడ్‌ను రానిచ్చింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, నిటారుగా కూర్చుని ఉంది. భర్త పోయాక ఎస్టేటంతా ఆమె చేతిలోకి వచ్చింది. వెనక కుర్చీ ఆనుకుని ఎస్టేటు మేనేజరు కెప్టెన్ బ్లైత్ నిలబడ్డాడు. నలభై ఐదేళ్ళుంటాయి, భుజాలు వెడల్పు. ఆమెను అడిగిన ప్రశ్నలకు సగం అతనే జవాబు చెప్పాడు. నిన్న రెండున్నరకు ఈ కిటికీలోంచే పాంట్, ఎమోస్ పచ్చిక చివర నిలబడి చేతులు ఊపుకుంటూ కేకలేసుకోవడం ఆమె చూసిందట. ఆ మాట ఆమె చెప్తున్నంతసేపూ అతను తన చేతిగోళ్ళు చూసుకున్నాడు.

పాంట్‌ను పిలిపించింది ఆమే. ఈ పార్కును ఎవరు, ఎప్పుడు, ఎలా తీర్చిదిద్దారో పుస్తకం రాయమని. చెట్లగుంపులు, వంపు తిరిగిన చెరువు, మలుపులో గుడి లాంటి కట్టడం, అన్నీ ఈ హాలు నడిమి కిటికీలోంచి చూడ్డానికే కట్టినవి. రెండు వందల ఏళ్ళ కింద ఆ చోట ఒక ఊరుండేది. అప్పటి దొరగారికి కాఫీ తాగుతుంటే పొయ్యిల పొగ కనిపించి చిరాకేసిందట. ఊరిని కొండ వెనక్కి నెట్టేశారు. చర్చిని కూడా కూలగొట్టి అక్కడ కొత్తది కట్టారు. సమాధులను గౌరవంగా తరలించారని కుటుంబం రాసుకున్న చరిత్ర.

"పాంట్‌గారు కొత్తగా ఏమైనా కనిపెట్టారా?" అంది ఈనిడ్.

"ఏం కనిపెడతాడు పాపం. చెట్ల వయసు లెక్కపెట్టుకునేవాడు," అన్నాడు బ్లైత్.

"ఆయన నోటుపుస్తకం దొరకలేదు."

"ఎమోస్ పొయ్యిలో వెతికారా?"

ఈనిడ్ కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. కందకం ఉందన్న సంగతే అక్కణ్ణుంచి తెలియదు. దాన్ని కట్టిందే అందుకు. పశువులు పచ్చిక మీదకు రాకూడదు, గోడ మాత్రం దొరల కంటికి ఆనకూడదు. కందకం అవతల పార్కు ఎండి తెల్లబడి ఉంది. అర మైలు దూరంలో బీచి జాతి చెట్ల గుంపు. ఆ గుంపుకు ఇవతల మాత్రం, ఎదురుగా, పచ్చగా నిగనిగలాడుతూ ఒక చదరం గడ్డి.

"అక్కడొక్కటే పచ్చగా ఉందే?"

"కింద ఊట ఉంది," అంది లేడీ మెరివేల్. "ఎప్పుడూ అలాగే ఉంటుంది."

"ఆ ఊట పారాల్సిన చెరువే ఎండిపోయింది కదమ్మా."

ముసలావిడ మొదటిసారి ఆమె వంక చూసింది. చూసి, ఇన్‌స్పెక్టరుగారికి దాహంగా ఉందేమో, వంటింట్లో టీ ఇప్పించమని బ్లైత్‌తో అంది. హాల్లో కాదు, వంటింట్లో. ఈనిడ్‌కు ఆ తేడా చిన్నప్పటినుంచీ తెలుసు. టీ వద్దని చెప్పి బయటకు వచ్చేసింది.

కందకం దగ్గరికి రెండూ పదికి చేరింది. పాంట్ పడ్డ చోట సుద్దముక్కతో గీత గీసి ఉంది. రాయి మీద రక్తం ఉంది కానీ చాలా కొంచెం. శవాన్ని చూసిన డాక్టరు చెప్పినంత దెబ్బకు అది సరిపోదు. చుట్టూ గడ్డి నలగలేదు. పెనుగులాడిన జాడ లేదు. కందకం పైఅంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడుముతూ పోయింది. నాలుగు గజాల అవతల దొరికింది, ఎండిపోయి పెళుసెక్కిన పసుపచ్చటి మట్టిపెళ్ళ. ఇంకొంచెం అవతల ఇంకోటి. బండిచక్రం విదిల్చిన మట్టి అది. ఎండిన నేల మీద చక్రం అచ్చు పడకపోయినా, చక్రానికి అంటుకున్న బురద రాలుతుంది. ఆ పెళ్ళలను ఏరుకుంటూ, నేల చూపులు చూస్తూ నడిచింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. అవి తిన్నగా పచ్చగడ్డి దగ్గరకు తీసుకొచ్చాయి.

ఊటా కాదు, పాడూ కాదు. గడ్డి మొదట్లో వేలు గుచ్చితే రెండో కణుపు దాకా పసుపచ్చటి బురద. పక్కన ట్రాక్టరు వెనక తగిలించే నీళ్ళ ట్యాంకు చక్రాల జాడలు, వరస మీద వరస. ఒక్క రోజు పోసిన నీళ్ళు కావవి, కనీసం వారం పోసుంటారు. ఊళ్ళో ముసలమ్మలు వీధికుళాయి దగ్గర అర బకెట్టు కోసం కాళ్ళు పీక్కుపోయేలా నిలబడుతుంటే, ఇక్కడ ట్యాంకులకు ట్యాంకులు గడ్డికి పోశారు. దేనికి? నలభై ఏడేళ్ళు తోట చూసిన ఎమోస్ ఈ నీళ్ళను చూడకుండా ఉండడు. అతను మింగిన జవాబు ఇదే.

చెట్లగుంపు దాటి వెనక్కి వెళ్ళింది. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి.

ఆ వైపు ఎవరూ చుక్క నీరు పోయలేదు. ఎండిన గడ్డి మీద, ముగ్గేసినంత స్పష్టంగా గీతలున్నాయి. తెల్లగా మాడిన వెడల్పాటి గీత, దాని కింద పాత గోడ పునాది. మట్టి పలచగా ఉన్న చోట గడ్డి ముందు చస్తుంది. ఆ గోడకు ఆనుకుని వరసలు వరసలుగా, మనిషి పొడవున, ఇంకా కాస్త పచ్చదనం మిగిలిన పట్టీలు. ఒకప్పుడు లోతుగా తవ్విన నేల తేమను పట్టుకుని ఉంటుంది. అన్నీ తూర్పు పడమరలుగా ఉన్నాయి. కొన్ని మరీ పొట్టివి. ఈనిడ్ ముప్పై ఎనిమిది దాకా లెక్కపెట్టి మానేసింది. గీతలు చెట్లగుంపు కిందుగా వెళ్ళి, అవతల నీళ్ళు పోసిన పచ్చగడ్డిలో మాయమైపోయాయి.

పాంట్ కనిపెట్టింది ఇది. దొరలు సమాధిరాళ్ళను తరలించారు, మనుషులను ఇక్కడే వదిలేశారు. పైన గడ్డి పరిచి, చెట్లు నాటి, కిటికీలోంచి చూసుకుంటూ రెండు వందల ఏళ్ళు కాఫీ తాగారు.

ఈ చెట్లగుంపు ఉన్న పార్కు తూర్పు సగాన్ని కంకర తవ్వే కంపెనీకి అమ్ముతున్నారని, ఆ సంతకాలు రేపు శుక్రవారమేనని ఊరంతా అనుకుంటున్న మాటే. కింద శ్మశానం ఉందని తెలిస్తే ఎవడూ గునపం దించడు. దాన్ని కరువు బయటపెట్టింది. ఒక్క నెల ఓపిక పడితే వానలు పడి అన్నీ కప్పేసేవి, కానీ ఆ నెలే వాళ్ళకు లేదు.

గోడ మూలన ఒక మేకు కొట్టి ఉంది. మేకుకు కొలతల టేపు కొస. ఆ టేపును పట్టుకుని వెళ్తే పదహారో గజం దగ్గర తెగి ఉంది. అక్కడ గడ్డి ఎండిన రక్తంతో నల్లగా గట్టిపడి ఉంది. ఆ గడ్డిలో పగిలిన కళ్ళద్దాల ముక్క. ఈనిడ్ లేచి నిలబడింది. సిరిల్ పాంట్ చచ్చిపోయింది ఇక్కడ. పచ్చగడ్డి బురద తొక్కుకుంటూ ఇవతలకు వచ్చి, మిగిలిన సగాన్ని కొలుచుకుంటుంటే వెనక నుంచి కొట్టారు. కందకం దాకా ట్యాంకు బండి మీద వేసుకెళ్ళి పడేశారు.

"పిక్నిక్కా?"

పెండ్రెల్ గొంతు. చెట్ల నీడలో నిలబడి ఉన్నాడు. అప్పుడు టైము మూడూ నలభై. ఇంత దూరం నడిచి వచ్చాడంటే ఎవరో పంపారన్నమాట.

ఈనిడ్ దాచకుండా అన్నీ చూపించింది, మట్టి రంగులు రెండూ, బురదపెళ్ళలు, టేపు, రక్తం. అంతా విన్నాక పెండ్రెల్ పైపును చెట్టుకు కొట్టి బూడిద దులిపాడు.

"సరే. అయితే ఎమోస్ ఇక్కడ చంపి అక్కడ పడేశాడు. ఏం మారింది?"

"ఎమోస్‌కు ట్రాక్టరు నడపడం రాదు సార్. ఊళ్ళో ఎవర్నైనా అడగండి. గుర్రం చచ్చేదాకా గుర్రంతోనే గడ్డి కోశాడు."

"చక్రాల బండి తోసుకెళ్ళాడు."

"అర మైలు? పట్టపగలు?"

"మొండివాడు, తోస్తాడు."

"ఈ నీళ్ళు పోసినవాడే చంపాడు సార్. నీళ్ళు పోసినవాడు తోటమాలి కాడు. చూడండి. ఈ గీతలను చెరిపెయ్యాలనుకుంటే తోటమాలి రెండు వైపులా పోస్తాడు. వాడు ఈ నేల మీద రోజూ నడుస్తాడు, వాడికి వెనకాముందూ ఉండదు. ఇక్కడ మాత్రం హాలు కిటికీకి కనపడే సగానికే పోశారు. కనపడని సగం వాళ్ళ బుర్రకే తట్టలేదు. కిటికీలోంచి చూడ్డం తప్ప ఈ పార్కు సంగతి ఇంకేమీ తెలియనివాళ్ళు చేసిన తప్పు ఇది."

పెండ్రెల్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది.

"కోర్టులో జడ్జిగారికి కిటికీ గురించి చెప్తావా? ఆయన కూడా ఇక్కడికి వేటకు వస్తాడు. ఇదిగో అమ్మాయ్, మీ ఆడ పోలీసులను మాతో కలిపేసి ఏడాదే అయింది. తప్పిపోయిన పిల్లలను వెతకడం మీకు బాగా వచ్చు. దాన్ని పాడుచేసుకోకు."

"మీరు పోయినేడు అక్టోబరులో ఎన్ని కోళ్ళు కొట్టారు సార్?"

ఆయన మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి నడుస్తూ, ఐదు దాకా ఆగాల్సిన పని కూడా లేదేమో, వచ్చి చూసుకో అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు అప్పుడు తెలియలేదు. వైర్‌లెస్‌లో ఫొటోలవాణ్ణి పిలిచి, రక్తం ఉన్న గడ్డిని పెళ్ళగా కోయించి, టేపునూ కళ్ళద్దాల ముక్కనూ సంచుల్లో కట్టించి, సంచులు తన కారులోనే పెట్టించింది. ఎవరినీ నమ్మబుద్ధి కాలేదు.

నాలుగూ ముప్పై ఐదుకు ఎస్టేటు ఆఫీసుకు దాదాపు పరిగెత్తింది. గుమ్మంలో కుర్రకానిస్టేబుల్ తలొంచుకున్నాడు. బల్ల మీద మూడు కాగితాలున్నాయి. మూడింటి కిందా వంకరటింకర సంతకం. ఎమోస్ టక్‌వెల్ నాలుగింటికి నేరం ఒప్పేసుకున్నాడు. బీచి చెట్ల వెనక పారతో కొట్టాడట, చక్రాల బండిలో వేసుకుని కందకం దాకా తోశాడట. చెట్ల వెనక అన్న మాట ఆ గదిలో ఉన్న మనిషికి మూడూ నలభై దాకా తెలిసే దారి లేదు. పెండ్రెల్ ఆమె దగ్గర విన్నదంతా తిన్నగా తెచ్చి ఇందులో పోశాడు. ఆమె కష్టపడి ఏరిన ముక్కలతోనే ఉరితాడు పేనాడు.

కానిస్టేబుల్‌ను బయటికి పొమ్మంది. తలుపు వేసింది.

"ఇది మీరు చెప్పింది కాదు," అంది.

"సంతకం నాదే అమ్మా."

"ఆ చెట్ల వెనక ఏముందో మీకు తెలుసా?"

"మావాళ్ళు ఉన్నారు," అన్నాడు ఎమోస్. "టక్‌వెల్‌లు. మా తాత చెప్పేవాడు. అక్కడ గడ్డి కోసేటప్పుడు టోపీ తీసేవాడు, నేనూ తీస్తాను. పాంట్‌గారు ఆ గీతలు చూపిస్తే ఏడుపొచ్చింది. మంచాయన. పేర్లు కూడా వెతికి పెడతానన్నాడు."

"నీళ్ళు పోసింది బ్లైత్. మీరు చూశారు."

"చూశాను. చూసి ఊరుకున్నాను. ఊరుకోకపోతే ఆయన బతికుండేవాడేమో, అది నా పాపమే. ఈ కాగితంలో అంతవరకూ నిజం ఉంది."

"నా దగ్గర రక్తముంది, టేపుంది. రేపు కోర్టులో మీరు కాదనండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"వద్దమ్మా." గొంతు పెంచలేదు. "నెల్లీకి కాగితం ఇచ్చారు. బతికున్నంతకాలం ఆ ఇల్లు తనదేనని రాసిచ్చారు. దానికి గుండెజబ్బు. నేను బయటికొస్తే కొలువుండదు, ఇల్లుండదు. లోపలుంటే దానికి ఇల్లుంటుంది. మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి?"

ఆమెకు తోపుడుబండి గుర్తొచ్చింది. దుప్పట్లో గడియారం గుర్తొచ్చింది. నలభై ఏడేళ్ళు కడుపు కట్టుకుని గడ్డి కోసినవాడి దగ్గర ఇక కోసుకోవడానికి వాడి మెడ ఒక్కటే మిగిలింది, దాన్నీ వాళ్ళే అడిగారు.

"కాగితం ఎవరిచ్చారు?"

"కెప్టెన్‌గారు. ఇందాక, మీరు పార్కులో ఉన్నప్పుడు. పెండ్రెల్‌గారు పక్కనే ఉన్నారు."

ఐదింటికి పోలీసు వ్యాను ఎమోస్‌ను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఎక్కే ముందు అతను మెట్ల మీద నిలబడ్డ లేడీ మెరివేల్‌కు టోపీ తీశాడు. ఆవిడ తలాడించింది. ఈనిడ్ ఆ తలాడింపు చూడలేక మొహం తిప్పుకుంది.

గేటు పక్కన ఉన్న ఎమోస్ ఇంటికి నడిచి వెళ్ళేసరికి ఐదుంబావు. నెల్లీ టక్‌వెల్ బక్కపల్చటి మనిషి, మెట్టు ఎక్కినా ఆయాసపడుతుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. అయినా వచ్చినవాళ్ళకు టీ పెట్టడం మానలేదు. పోలీసులంటే కోపం లేదా అని ఈనిడ్ అడిగితే, కోపం తెచ్చుకునే ఓపిక లేదమ్మా అంది.

ఆ కాగితం చూపించమంది ఈనిడ్. నెల్లీ ప్రార్థన పుస్తకంలోంచి జాగ్రత్తగా తీసి ఇచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నా టైపు అక్షరాలు తనకు ఆనవని, అంతా సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పమని అడిగింది. మందపాటి కాగితం, పట్నం లాయరు ముద్ర, లేడీ మెరివేల్ సంతకం, సాక్షి బ్లైత్. ఈనిడ్ చదువుతూ పోయింది. తన జీవితాంతం, అద్దె లేకుండా, నెల్లీ టక్‌వెల్‌కు. ఎమోస్ అబద్ధం చెప్పలేదు, గట్టిగానే రాశారు.

తర్వాత మూడో పేరా దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

"ఆమె భర్త ఎమోస్ టక్‌వెల్ ఇకపై ఎస్టేటు కొలువులో లేనందున" అని ఉంది.

కింద తారీఖు చూసింది. ఆగస్టు పదిహేడు, మంగళవారం.

పాంట్ చచ్చిపోయింది పద్దెనిమిదిన. పదిహేడో తారీఖున పాంట్ టేపు పట్టుకుని పార్కులో తిరుగుతున్నాడు. ఎమోస్ పచ్చిక కోస్తున్నాడు. అతను కొలువులో ఉండడని, అతని పెళ్ళానికి ఇల్లు రాసివ్వాల్సి వస్తుందని, ఒక రోజు ముందే పట్నం వెళ్ళి లాయరు చేత టైపు కొట్టించారు. కోపంలో కొట్టిన దెబ్బ కాదు ఇది. ఎవణ్ణి చంపాలో, ఎవడి మెడకు చుట్టాలో, వాడి నోరు ఏ ఖరీదుకు మూతపడుతుందో, మూడూ ముందే ఖాయం చేసుకున్నారు. లాయరు గుమాస్తా మాత్రం తన అలవాటు ప్రకారం టైపు కొట్టిన రోజు తారీఖే వేశాడు.

బ్లైత్‌ను, మెరివేల్‌ను బోనెక్కించే కాగితం ఇది. ఎమోస్ ఒప్పుకోలును చించి పోగులు పెట్టే కాగితం ఇదొక్కటే. నెల్లీ తల మీద కప్పు కూడా ఇదే.

"సరిగ్గా ఉందా అమ్మా?" అంది నెల్లీ.

బయట కారు ఆగిన చప్పుడు. తలుపు తట్టకుండానే కెప్టెన్ బ్లైత్ లోపలికి వచ్చాడు. ఆదరాబాదరాగా వచ్చినట్టు చెమట పట్టి ఉంది. ఈనిడ్‌ను చూసి గుమ్మంలోనే ఆగాడు, ఆమె చేతిలో కాగితం చూశాడు. వెంటనే మొహం సర్దుకుని నెల్లీ వైపు తిరిగాడు.

"నెల్లీ, ఆ కాగితంలో చిన్న పొరపాటు దొర్లింది. ఒక గంటసేపు ఇవ్వు, దిద్దించి తెచ్చిస్తాను."

"ఇస్తానండీ, ఇదిగో ఈ అమ్మగారు చదువుతున్నారు."

ఈనిడ్ కాగితాన్ని రెండు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. బ్లైత్ తన వెనక తలుపు మూశాడు. గడియ పెట్టాడు. ఆ ఇంటికి వేరే తలుపు లేదు.

"ఇన్‌స్పెక్టర్, అది ఈవిడ సొత్తు," అన్నాడు నెమ్మదిగా. "మీకు దొంగతనం అలవాటుందని పెండ్రెల్ చెప్పలేదే."

"ఇది సాక్ష్యం. కావాలంటే వచ్చి తీసుకోండి."

అతను ఒక అడుగు వేశాడు. ఈనిడ్ కుర్చీ వీపు పట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్యకు వచ్చింది నెల్లీ, ఆయాసంతో రొప్పుతూ. వచ్చి నిలబడింది ఈనిడ్‌కు ఎదురుగా. ఎముకలు తేలిన రెండు చేతులతో ఆమె కోటు పట్టుకుంది.

"అది నా ఇల్లమ్మా," అంది. "ఇచ్చెయ్యండి. కెప్టెన్‌గారికి ఇచ్చెయ్యండి."